1966 ఎంజీబీకి కార్బ్యురేటర్లు తీసి ఈఎఫ్‌ఐ: పోర్టుకో ఇంజెక్టరా, థ్రాటిల్ బాడీయా?

బీసిరీస్66:

కారు 1966 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), దాన్ని ఈఎఫ్‌ఐకి, అంటే ఎలక్ట్రానిక్ పెట్రోల్ ఇంజెక్షన్‌కి మార్చాలని. 1798 సీసీ, ఐదు బేరింగుల ఇంజన్, కామ్ ఒరిజినల్‌దే, కంప్రెషన్ 8.8. జత ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్, వెనక ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు. వైరింగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది, అంటే డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది).

అనుకుంటున్నది ఇది: ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కి (ఇంజన్‌లోకి గాలి తెచ్చే గొట్టం) హెడ్ పక్కనే రెండు బంగ్‌లు (బిగించుకునే లోహపు గూళ్లు) వెల్డ్ చేయించి పోర్టుకి ఒక ఇంజెక్టర్, ముందు 48 మి.మీ. థ్రాటిల్ బాడీ ఒకటి. ఈసీయూ (ఇంజెక్షన్ నడిపే కంప్యూటర్) స్పీడ్యువినో. ఇంజెక్టర్లు ఎన్ని సీసీవి తీసుకోవాలి? ఆర్‌పీఎం సిగ్నల్ కాయిల్ నెగటివ్ నుంచి లాగితే సరిపోతుందా? డైనమో అలాగే ఉంచేయొచ్చా? పాత పెట్రోల్ లైను పనికొస్తుందా?

కిలోపాస్కల్:

ఇంజెక్టర్ల సంగతి తర్వాత. ముందు ఆ వెల్డింగ్ ఆపండి.

ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి ఇన్‌లెట్ పోర్టులు రెండే. 1, 2కి కలిపి ఒకటి, 3, 4కి కలిపి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి గాలి పీల్చే వరసా అదే. మొదటి పోర్టులో ముందు 2 పీలుస్తుంది, క్రాంకు 180 డిగ్రీలు తిరగ్గానే 1 పీలుస్తుంది, ఆ తర్వాత 540 డిగ్రీల దాకా అక్కడ ఎవరూ పీల్చరు. రెండో పోర్టులో ముందు 3, వెంటనే 4, మళ్లీ అంతే ఖాళీ.

మామూలు బ్యాచ్ పద్ధతిలో (ఏ సిలిండర్ పీలుస్తోందో చూడకుండా అన్నీ కలిసి కొట్టడం) ఇంజెక్టర్ ఈ ఖాళీలో కూడా కొడుతూనే ఉంటుంది. పోర్టులో పోగైన పెట్రోల్‌లో ఎక్కువ భాగం ముందు వాల్వ్ తెరిచిన 2, 3లోకి పోతుంది, మిగిలిందే 1, 4కి. లోపలి రెండూ రిచ్ (పెట్రోల్ ఎక్కువ), బయటి రెండూ లీన్ (పెట్రోల్ తక్కువ). ఎస్‌యూలతో ఈ గొడవ ఎందుకు కనబడదంటే, వాటిలో గాలి కదిలితేనే జెట్ నుంచి పెట్రోల్ లేస్తుంది. గాలి ఆగితే అదీ ఆగుతుంది. ఇంజెక్టర్‌కి ఆ సంగతి తెలియదు, ఈసీయూ తెరవమన్నప్పుడు తెరుస్తుంది.

ఇంకో చిక్కు: వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ చూసి మిక్స్చర్ చెప్పేది) దీన్ని పట్టుకోదు. నాలుగింటి పొగ కలిశాక సగటు చూపిస్తుంది. స్క్రీన్ మీద ల్యామ్డా (1 కంటే తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్) 0.88 అని నిక్షేపంగా ఉంటుంది, లోపల 1, 4 సిలిండర్లు 1.0 దగ్గర ఫుల్ లోడ్ లాగుతుంటాయి. పిస్టన్లు పోయేది అలాగే.

నా ఓటు థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌కే. డౌన్‌డ్రాఫ్ట్ కార్బ్యురేటర్ పెట్టుకునే సింగిల్ మానిఫోల్డ్ తీసుకుని, దాని మీద రెండు ఇంజెక్టర్ల థ్రాటిల్ బాడీ. బటర్‌ఫ్లై (గాలిని అదుపు చేసే పలక) పైనే పెట్రోల్ పడుతుంది, అక్కడ ప్రతి 180 డిగ్రీలకీ ఒక పీల్పు సమానంగా ఉంటుంది కాబట్టి పంపకంలో తేడా చాలావరకు పోతుంది. జంట బోర్ అయితే ఒక్కోటి 34 మి.మీ. చాలు, వైశాల్యంలో ఒక్క 48 మి.మీ. బోర్‌కి సమానం.

ఇంజెక్టర్ లెక్క: 95 హార్స్‌పవర్, గంటకి హార్స్‌పవర్‌కి 0.5 పౌండ్ చొప్పున 47.5 పౌండ్లు. రెండు ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వాటా) అంటే ఒక్కోటి దాదాపు 30 పౌండ్లు, అంటే నిమిషానికి 312 సీసీ. 320 నుంచి 350 మధ్య తీసుకోండి. 12 నుంచి 16 ఓంల హై ఇంపీడెన్స్‌వే కొనండి. 2, 3 ఓంల రకమైతే సిరీస్ రెసిస్టర్లు కావాలి, లేకపోతే ఈసీయూ డ్రైవర్లు కాలిపోతాయి.

మానిఫోల్డ్‌కి కింద వేడినీళ్ల దారి ఉన్నదే చూసుకోండి. లేదంటే చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ గోడలకి అంటుకుని, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా తడబడుతుంది.

నాలుగోపిస్టన్:

కిలోపాస్కల్ గారు చెప్పిన కారణం నిజమే గానీ పోర్ట్ ఇంజెక్షన్ అసాధ్యమేం కాదండీ. 1996 తర్వాత వచ్చిన రోవర్ మినీ ఎంపీఐలో కూడా ఇలాంటి జంట పోర్టులే, ఇంజెక్టర్లూ రెండే. ఏ సిలిండర్ పీలుస్తోందో చూసి దానికే కొట్టేలా టైమింగ్ పెట్టాలి, అంతే. అయితే ఆ "అంతే"లో చాలా ఉంది.

కామ్ సిగ్నల్ తప్పనిసరి, క్రాంకు సిగ్నల్ ఒక్కటే చాలదు. తర్వాత సమయం: 5400 ఆర్‌పీఎం దగ్గర 180 డిగ్రీలంటే 5.5 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే 1 మిల్లీసెకను పోతే మిగిలేది నాలుగున్నర. ఆ లోపల ఒక సిలిండర్‌కి కావలసినదంతా, సుమారు 0.046 సీసీ, పడాలి. అంటే నిమిషానికి 620 సీసీ ఇంజెక్టర్. అంత పెద్దది ఐడిల్‌లో ఒకటిన్నర మిల్లీసెకను కూడా తెరవదు, అక్కడ చాలా ఇంజెక్టర్లు ఒకసారి కొట్టినంత ఇంకోసారి కొట్టవు. పైన సరిపోతే కింద వణుకు, కింద సరిపోతే పైన లీన్.

కాబట్టి ఓపిక ఉంటే చేయొచ్చు, మొదటి ఈఎఫ్‌ఐ అయితే వద్దు. ఏ దారిన వెళ్లినా ఒక పని చేయండి: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో మధ్య పోర్టు 2, 3ది, చివరి రెండూ 1, 4వి. మధ్య కొమ్మలో ఒకటి, చివరి కొమ్మలో ఒకటి ఎం18×1.5 బంగ్ వేయించి, ట్యూనింగ్ అయ్యేదాకా సెన్సర్‌ని అటూ ఇటూ మార్చి చూడండి. తేడా ల్యామ్డాలో 0.05 దాటితే ఫుల్ లోడ్ ఇవ్వకండి. పని అయ్యాక బంగ్‌లకి ప్లగ్ బిగించేసి, సెన్సర్‌ని పైపులు కలిసే చోటికి మార్చేయొచ్చు.

రిలే_ఫ్యూజు:

కరెంటు సంగతి. డైనమో ఉంచొద్దు. లూకాస్ సీ40 ఇచ్చేది గరిష్ఠంగా 22 ఆంపియర్లు, ఐడిల్‌లో దాదాపు సున్నా. పంపుకి 5, 6, కాయిల్స్‌కి 4, 5, వైడ్‌బ్యాండ్ హీటర్‌కి 1, 2, ఈసీయూ ఇంజెక్టర్లకి ఇంకో 2. హెడ్‌లైట్లు వేస్తే అయిపోయినట్టే. వోల్టేజ్ పడిందంటే ఇంజెక్టర్ తెరుచుకునే ఆలస్యం పెరిగి మిక్స్చర్ లీన్ అవుతుంది, మీరేమో మ్యాప్‌లో (ఈసీయూలోని పెట్రోల్ పట్టికలో) తప్పుందని వెతుకుతుంటారు. 45 ఆంపియర్లకి తగ్గకుండా ఆల్టర్నేటర్ పెట్టండి.

దానికి ముందు నెగటివ్ ఎర్త్‌కి మార్చాలి. సీట్ల వెనక ఉన్న రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, రెండింటినీ తిప్పాలి. ఒకటి తిప్పి రెండోది మరిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వోల్టులు వస్తాయి. డాష్‌లో టాకోమీటర్ కాయిల్‌కి వెళ్లే వైరులో కరెంటు చూసి తిరిగే రకం, పోలారిటీ తప్పితే తిరగదు. కాయిల్ ప్యాక్ పెట్టాక ఎలాగూ పనిచేయదు, లోపలి సర్క్యూట్ మార్చి ఈసీయూ టాకో అవుట్‌పుట్‌కి కలపాల్సిందే.

కాయిల్ నెగటివ్ సిగ్నల్ వద్దు. పాయింట్లు తెరుచుకున్నప్పుడు అక్కడ వందల వోల్టులు ఎగురుతాయి, పాయింట్ బౌన్స్ వేరే. ఈసీయూ ఒకసారి 900, ఇంకోసారి 3000 చదువుతుంది. క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం (36 పళ్లలో ఒకటి తీసేసినది), పక్కన హాల్ సెన్సర్, గ్యాప్ 0.8 నుంచి 1 మి.మీ. చక్రం తిరిగేటప్పుడు ఊగు పావు మి.మీ. దాటకూడదు. హాల్ బదులు వీఆర్ సెన్సర్ (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేది) వాడితే సిగ్నల్ కండిషనర్ బోర్డు కూడా కావాలి, షీల్డ్ వైరుకి ఎర్త్ ఈసీయూ వైపు మాత్రమే, రెండు చివరలా ఇవ్వకూడదు. ఇంత చేశాక స్పార్క్ కూడా ఈసీయూకే అప్పగించండి: 1-4, 2-3 జతలుగా వేస్టెడ్ స్పార్క్ (జతలో రెండు ప్లగ్గులూ ఒకేసారి కొట్టే) కాయిల్ ప్యాక్. ప్లగ్గులు రెసిస్టర్ రకం, అంటే బీపీ6ఈఎస్ బదులు బీపీఆర్6ఈఎస్. రాగి తీగ ప్లగ్ వైర్లు ఉంటే తీసేయండి, ఈసీయూ దానంతటదే రీసెట్ అవుతుంటే నేను మొదట అనుమానించేది వాటినే.

ఎర్త్ గురించి ఒక్క మాట. ఈ కారులో ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీకి కలిపేది ఒక్క స్ట్రాప్. అది తెగితే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా వెళ్తుంది. సెల్ఫ్ కొట్టాక కేబుల్ పట్టుకుంటే వేడిగా తగులుతుంది. సెల్ఫ్ కొడుతూ ఇంజన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటర్ పెట్టండి, 0.3 వోల్టులు దాటకూడదు. ఈసీయూ పవర్ ఎర్త్ బ్లాక్ మీద ఒకే చోట, సెన్సర్ల ఎర్త్‌లన్నీ ఈసీయూకే తిరిగి రావాలి. ఇగ్నిషన్ తెల్ల వైరుకి ఫ్యూజు ఉండదు కాబట్టి దాంతో రిలే మాత్రమే లాగండి, అసలు పవర్ బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజుతో తెచ్చుకోండి.

బీసిరీస్66:

సరే, థ్రాటిల్ బాడీకే ఫిక్స్. 36-1, కాయిల్ ప్యాక్, ఆల్టర్నేటర్ కూడా రాసుకున్నాను. మరి పెట్రోల్ లైను? ట్యాంకుకి రిటర్న్ లేదు. ఉన్న ఎస్‌యూ పంపు పారేయాలా?

నాలుగోపిస్టన్:

పారేయకండి, దానికింకా పని ఉంది. ఎస్‌యూ పంపు ఇచ్చేది 3 పీఎస్‌ఐ లోపు, ఇంజెక్టర్లకి కావలసింది 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ పైన. ట్యాంకు లోపల బ్యాఫిల్ (పెట్రోల్ ఊగకుండా ఆపే అడ్డుపలక) లేకుండా హై ప్రెషర్ పంపు నేరుగా పెడితే, పెట్రోల్ తక్కువున్నప్పుడు మలుపులో గాలి పీలుస్తుంది. కార్బ్యురేటర్‌కి ఫ్లోట్ గిన్నె నిండుగా ఉంటుంది కాబట్టి రెండు క్షణాలు పంపు ఖాళీ కొట్టినా ఇంజన్‌కి తెలియదు. ఇంజెక్షన్‌లో ఆ క్షణమే లీన్.

అందుకని ఎస్‌యూ పంపు లీటరున్నర సర్జ్ ట్యాంకుని నింపుతుంది. దాని అడుగు నుంచి హై ప్రెషర్ పంపు లాగుతుంది. ప్రెషర్ రెగ్యులేటర్ రిటర్న్ సర్జ్ ట్యాంకుకి, సర్జ్ ట్యాంకు పైనుంచి పొంగేది ప్రధాన ట్యాంకుకి. ఫుల్ పవర్‌లో మీ ఇంజన్ తాగేది గంటకి 30 లీటర్లు, ఎస్‌యూ పంపు అంతకంటే ఎక్కువ పోస్తోందో లేదో ముందే సీసాలోకి కొట్టి నిమిషానికి ఎంతో కొలవండి. అర లీటరు దాటాలి. హై ప్రెషర్ పంపుకి గంటకి 255 లీటర్లది అందరూ చెబుతారు, మీకు అది అనవసరం. తాగని పెట్రోల్ తిరుగుతూనే వేడెక్కుతుంది. 90, 100 లీటర్లది చాలు.

ట్యాంకుకి రిటర్న్ కోసం వెల్డింగ్ చేయించకండి. ఖాళీ అయిన పెట్రోల్ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. గేజ్ సెండర్ ప్లేటుకి రంధ్రం చేసి బల్క్‌హెడ్ ఫిట్టింగ్ బిగించండి, పెట్రోల్ పీల్చే గొట్టానికి దూరంగా.

రబ్బరు గొట్టం మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉండాలి. కార్బ్యురేటర్‌కి వాడే ఆర్7 ఈ ప్రెషర్‌కి పనికిరాదు. ట్యాంకు లోపల మునిగే ముక్కకి ఆర్10. స్క్రూ క్లిప్పులు ఆర్9 గొట్టం పైపొరని కోసేస్తాయి, అంచులు చుట్టూ సమానంగా పట్టే ఇంజెక్షన్ క్లిప్పులు వాడండి. పంపుకి ముందు 100 మైక్రాన్ల ఫిల్టర్, తర్వాత 10 మైక్రాన్లది. పంపు రిలేకి ఇనర్షియా స్విచ్ (గుద్దుకోగానే కరెంటు ఆపేది) తప్పనిసరి. ఇంజన్ ఆగితే ఈసీయూ పంపు ఆపుతుంది నిజమే, కానీ గుద్దుకున్నాక ఇంజన్ ఆగకపోవచ్చు.

కిలోపాస్కల్:

ఒకటి చేర్చాలి. రెగ్యులేటర్ మీద వాక్యూమ్ గొట్టం గుబ్బ ఉంటుంది. పోర్ట్ ఇంజెక్షన్‌లో దాన్ని మానిఫోల్డ్‌కి కలుపుతారు. మీకు ఇంజెక్టర్ బటర్‌ఫ్లై పైన ఉంది, దాని ముక్కు దగ్గర ఉన్నది బయటి గాలి ప్రెషరే. కాబట్టి ఆ గుబ్బని గాలికి వదిలేయండి. మానిఫోల్డ్‌కి కలిపితే ఐడిల్‌లో పెట్రోల్ ప్రెషర్ అనవసరంగా అర బార్ పైన తగ్గిపోతుంది.

ట్యూనింగ్‌కి ముందు గాలి లీకులు. ఈ కారులో మానిఫోల్డ్ మీద పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లని మానిఫోల్డ్‌లోకి పంపేది) ఉంటుంది, దాని రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే ఎంత తిప్పినా ఐడిల్ కుదరదు. మంచి స్టాక్ కామ్‌తో ఐడిల్‌లో మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది, పెట్రోల్ మ్యాప్ వేరు) 35 నుంచి 45 కిలోపాస్కల్ చూపాలి. 60 చూపుతుంటే లీకో, టైమింగ్ వెనకబడిందో.

తర్వాత, పెట్రోల్ ముట్టుకోకుండా ఇగ్నిషన్: సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్ 10 డిగ్రీలకి లాక్ చేసి, స్ట్రోబ్ లైట్‌తో పుల్లీ గుర్తు చూసి, ట్రిగర్ యాంగిల్ సరిచేయండి. ఆర్‌పీఎం పెంచినా గుర్తు కదలకూడదు. ఇది తప్పైతే ఆ పైన చేసే ప్రతిదీ తప్పే. లాక్ తీశాక ఐడిల్‌లో 12, 14 డిగ్రీలు, 3500 పైన ఫుల్ లోడ్‌లో 32 దాటకుండా మొదలుపెట్టండి.

కూలెంట్ సెన్సర్ థర్మోస్టాట్‌కి ఇంజన్ వైపు ఉండాలి. బాష్ రకమైతే 20 డిగ్రీల దగ్గర 2500 ఓంలు, 80 దగ్గర 323. మీటర్‌తో ఒకసారి చూసి, ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో అదే పట్టిక ఎంచుకోండి. ఇంజన్ 70 డిగ్రీలు దాటాకే ఆటో ట్యూన్ ఆన్ చేయాలి. చలిలో చేస్తే వార్మప్ కోసం ఇచ్చిన ఎక్స్‌ట్రా పెట్రోల్‌ని కూడా అది అసలు మ్యాప్‌లో కలిపేస్తుంది. టార్గెట్లు ఏఎఫ్ఆర్‌లో (గాలి, పెట్రోల్ నిష్పత్తి) కాకుండా ల్యామ్డాలో పెట్టండి, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి 14.7 అనే అంకె వర్తించదు. క్రూజ్‌లో 1.0, ఫుల్ లోడ్‌లో 0.86. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (తొక్కినప్పుడు ఇచ్చే అదనపు పెట్రోల్) అన్నిటికంటే చివర. ముందే పెంచేస్తే మ్యాప్‌లో ఉన్న గుంతలన్నీ దాని కింద దాక్కుంటాయి.

ఇంజన్ మిస్ కొడుతుంటే వైడ్‌బ్యాండ్ మాట నమ్మొద్దు. కాలని ఆక్సిజన్‌ని చూసి లీన్ అంటుంది, మీరు ఇంకా పెట్రోల్ పెంచుతారు, ప్లగ్గులు ఇంకా తడుస్తాయి. సెన్సర్‌కి ముందు గాస్కెట్ లీకైనా ఇదే అబద్ధం.

బీసిరీస్66:

చాలా థాంక్సండీ. చివరిగా ఒకటి: ఐఏటీ సెన్సర్‌ని (లోపలికొచ్చే గాలి వేడి కొలిచేది) థ్రాటిల్ బాడీ కింద మానిఫోల్డ్‌లో బిగిస్తే ఏమైనా ఇబ్బందా? అక్కడ రెడీగా ఒక రంధ్రం ఉంది.

రిలే_ఫ్యూజు:

వద్దు. వేడి ఇంజన్ ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే ఆ సెన్సర్ గాలి వేడి కాదు, లోహం వేడి చెబుతుంది. గాలి పలచగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ కోసేస్తుంది, మొదటి రెండు నిమిషాలు తడబడుతుంది. పైగా అక్కడ పెట్రోల్ తడి కూడా తగులుతుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, ఫిల్టర్‌కి లోపలి వైపు పెట్టండి. ఆ రంధ్రం మ్యాప్ సెన్సర్ గొట్టానికి వాడుకోండి, గొట్టం మాత్రం పైకి ఏటవాలుగా వెళ్లాలి, పెట్రోల్ అందులోకి దిగకుండా.