పెళ్లికి ముందు కళ్ల కింద, పెదాలకి ఫిల్లర్లు: చేయించుకున్నవాళ్లు చెప్పండి ప్లీజ్

వరంగల్_పిల్ల:
పెళ్లికి ఇంకా 5 వారాలుంది. నాకు కళ్ల కింద గుంటలు, నలుపు. పై పెదవి బాగా సన్నం. మా వీధి చివర పార్లర్ మీద కొత్తగా క్లినిక్ పెట్టారు. ఫిల్లర్ అంటే చర్మం కింద సూదితో ఎక్కించే జెల్ అట, ఒకే సిరంజితో రెండూ కలిపి 15 వేలకి చేస్తామన్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. భయంగానే ఉంది, చేయించుకోవాలనీ ఉంది. వెళ్లే ముందు ఏం తెలుసుకోవాలి?

సీతమ్మధార:
ముందు ఒక పని చెయ్యమ్మా. పగటిపూట కిటికీ దగ్గర నిలబడి అద్దంలో చూసుకుంటూ కళ్ల కింద చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగు. నలుపు చర్మంతో పాటే కదిలిందంటే అది చాలావరకు రంగు. తల పైకెత్తి వెలుతురు వైపు తిరిగితే నలుపు తగ్గిందంటే అది గుంట వల్ల పడే నీడ. ఫిల్లర్ గుంటని నింపుతుంది కానీ రంగుని మార్చదు. మనవాళ్లలో ఎంతోమందికి ఉండేది రంగే, అమ్మమ్మల నుంచి వస్తున్నదే.

నాకు రెండూ ఉన్నాయి. ఆ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పలేదు. చేయించుకున్నాక గుంట పూడింది, నలుపు ఉన్నచోటే ఉంది. పైగా ఎడమ కంటి కింద నీలంగా ఒక గీత తేలింది, పొద్దున లేచేసరికి ఉబ్బుగా ఉండేది. జెల్ చర్మానికి మరీ దగ్గరగా పడితే అలా నీలంగా కనిపిస్తుందట, టిండాల్ ఎఫెక్ట్ అంటారు. ఏడాదికి పైగా ఫొటోల్లో ఆ పక్క తిప్పకుండా నెట్టుకొచ్చి, చివరికి కరిగించుకున్నాను.

ఓపీ_డ్యూటీ:
పదకొండేళ్లుగా స్కిన్ ఓపీలో స్టాఫ్ నర్సుని. చెల్లీ, ఆ 15 వేల మాట నాకు నచ్చలేదు. ఒక సిరంజిలో ఉండేది 1 ఎంఎల్. టీ చెంచా నిండాలంటే అలాంటివి అయిదు కావాలి. కంటి కిందకి వాడే జెల్, పెదాలకి వాడే జెల్ మామూలుగా ఒకటి కాదు. మరి ఒకే సిరంజితో రెండూ అంటే ఏ కంపెనీదో, ఏ రకమో గట్టిగా అడుగు. బాక్స్ నీ కళ్ల ముందే విప్పాలి. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి ఫొటో తీసుకో. స్టిక్కర్ ఒకటి నీ ఫైల్లో అతికించమను. మిగిలింది దాచిపెట్టి మరోసారి వేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఎక్కువగా వాడేది హయాలురోనిక్ యాసిడ్ జెల్. తేడా వస్తే దాన్ని హయాలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు. కాల్షియం రకం, పీఎంఎంఏ (ఒక రకం ప్లాస్టిక్) రకం ఆ మందుకి కరగవు. సిలికాన్ అన్న మాట వినపడితే లేచి వచ్చెయ్. వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "కరిగించే మందు ఈ గదిలో ఇప్పుడు ఉందా? రాత్రి తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే రకమైతే అది కూడా ముందే చెప్పు, ఆ మందు కొందరికి పడదు.

డాలస్_వదిన:
ఆ ప్రశ్న అడగబట్టే నా పెదవి నాకు మిగిలింది. నేను మధ్యాహ్నం చేయించుకున్నాను. మత్తు దిగే సరికి సాయంత్రమైంది. పై పెదవి మీద చింతగింజంత తెల్లమచ్చ. దెబ్బ తగిలినట్టుంది, తగ్గుతుందిలే అనుకున్నాను. రాత్రి 9 దాటేసరికి తెలుపు చుట్టూ చేపల వలలా ఊదారంగు గీతలు, ముక్కు పక్క దాకా. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. వేలితో నొక్కి వదిలితే కింది పెదవికి ఎరుపు వెంటనే వస్తోంది, పై పెదవికి రావట్లేదు. వాళ్లిచ్చిన నంబరుకి ఫోటో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసి "ఇప్పుడే బయల్దేరండి" అన్నారు. జెల్ రక్తనాళానికి అడ్డుపడిందట. ఆ రాత్రి, మర్నాడు కలిపి మూడు విడతలు కరిగించే మందు వేశారు. మచ్చ లేకుండా మానింది. తెల్లారాక చూద్దాంలే అని పడుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే కాళ్లు వణుకుతాయి.

ఇంకోటి. ఆన్‌లైన్‌లో సూది లేని పెన్ అమ్ముతున్నారు, ఇంట్లోనే చేసుకోవచ్చని. వాటి మీద ఇక్కడ అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరిక ఇచ్చింది. ఎవరూ వాటి జోలికి పోకండి.

గోదారి_గట్టు:
అక్కా, నా ముక్కు మధ్యలో ఎత్తుగా ఉంటుంది. ఆపరేషన్ లేకుండా ఫిల్లర్‌తో సరిచేస్తారంటగా?

ఓపీ_డ్యూటీ:
చేస్తారు తమ్ముడూ. కానీ ముక్కు, కనుబొమ్మల మధ్య, ఈ రెండు చోట్లా ప్రమాదం ఎక్కువ. అక్కడి నాళాలకి కంటి నాళాలతో కలయిక ఉంది. జెల్ అటు పోతే చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం. అరుదే, కానీ జరిగాయి. చేయించుకుంటే ఆ పనిలో బాగా చెయ్యి తిరిగిన డాక్టరు దగ్గరే. చూపు మసకబారినా, కన్ను నొప్పి పుట్టినా ఆ క్షణమే చెప్పాలి.

వరంగల్_పిల్ల:
5 వారాలు సరిపోతాయా? నాకు జ్వరం తర్వాత పెదవి మీద పొక్కులు కూడా వస్తుంటాయి.

ఓపీ_డ్యూటీ:
పొక్కుల సంగతి తప్పకుండా చెప్పు. సూది పడితే అవి మళ్లీ లేవొచ్చు, అందుకని ముందే మాత్రలు ఇస్తారు. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. సరిదిద్దాల్సి వస్తే ఇంకో రెండు మూడు. అందుకే పెళ్లికి మూడు నెలల ముందైతే నిశ్చింత, 5 వారాలంటే ఇరుకే. పళ్లు క్లీనింగ్ ఉంటే దానికీ దీనికీ రెండు వారాలైనా ఎడం ఉండాలి. ఆస్పిరిన్, చేప నూనె మాత్రలు, నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పు. గుండెకి ఇచ్చినవైతే నీ అంతట నువ్వు ఆపొద్దు. గర్భంతో ఉన్నవాళ్లకి, పాలిచ్చే తల్లులకి ఇది చెయ్యరు. డాక్టరు బోర్డు మీద ఎండీ డీవీఎల్ (చర్మవ్యాధుల పీజీ) లాంటి డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూసుకో. "కాస్మటాలజిస్ట్" అని మాత్రమే ఉంటే నమ్మకు.

సీతమ్మధార:
అమ్మకి చెప్పు తల్లీ. వెంట ఒక మనిషి ఉండాలి.

వరంగల్_పిల్ల:
అప్‌డేట్. నిన్న పార్లర్ మీది క్లినిక్‌కి వెళ్లి ఓపీ అక్క చెప్పిన ప్రశ్న అడిగాను. "అలాంటి అవసరం మా దగ్గర పడదు మేడమ్" అన్నారు. బాక్స్ చూపించమంటే ఆరోజే విప్పుతామన్నారు. వచ్చేశాను.

రాత్రి అమ్మకి చెప్పాను. తిట్టలేదు, పొద్దున్నే తనే తయారై స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ లైటు వేసి చూసి నాది ముప్పావు వంతు రంగేనన్నారు. రాత్రికి ఒక క్రీమ్, పగలు సన్‌స్క్రీన్ రాశారు. అలవాటుగా కళ్లు నులుముకుంటున్నానని పట్టేశారు, అది మానమన్నారు. పెదాలు పెళ్లయ్యాక ఆలోచిద్దామన్నారు. ఫైల్లో పొక్కుల సంగతి కూడా రాయించాను.