పాత కారు పునరుద్ధరణలో ఒక బండి ఛాసిస్ నంబరు పలకను మరో బండికి బిగించడం చట్టసమ్మతమేనా?

ప్రశ్న – తుప్పుతో_పోరు

నా దగ్గర ఒకే మోడల్‌కు చెందిన రెండు పాత కార్లు ఉన్నాయి. మొదటిదానికి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి గానీ, అడుగు రేకులు వేలితో పొడిస్తే రాలిపోయేంతగా తుప్పు పట్టాయి. రెండోదాని బాడీ గట్టిగా ఉంది, కాగితాలే లేవు. మొదటిదాని ఛాసిస్ నంబరు పలకను ఊడదీసి రెండోదానికి బిగించి, పాత కాగితాలతోనే నడుపుకోవచ్చా? రెండు కార్లూ నేను డబ్బిచ్చి కొన్నవే, అమ్మే ఆలోచన కూడా లేదు కాబట్టి ఇందులో మోసమేమీ లేదనుకుంటున్నాను.

సమాధానం – కాగితాల_పక్షం

మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు కాబట్టి, నాకు బాగా తెలిసిన అమెరికా చట్టాన్ని ఆధారంగా చేసుకుని చెబుతాను. అక్కడి ఫెడరల్ శిక్షాస్మృతి 18వ భాగం 511వ సెక్షన్ ప్రకారం, వాహన గుర్తింపు సంఖ్యను, అంటే ఛాసిస్ నంబరును, తెలిసి తొలగించినా, చెరిపినా, మార్చినా అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ సెక్షన్ అడిగేది మీరు తెలిసి చేశారా లేదా అన్నదే తప్ప, ఎవరినైనా మోసగించాలనుకున్నారా అని కాదు. అందువల్ల రెండు బండ్లూ మీవే కావడం, అమ్మే ఉద్దేశం లేకపోవడం ఇక్కడ అక్కరకు రావు.

మరమ్మతు చేసేవారికి అదే సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. మరమ్మతుకు పలకను తీయడం నిజంగా అవసరమైతే తీయవచ్చు, రాష్ట్ర చట్టం ప్రకారం తిరిగి అమర్చవచ్చు. అయితే ఆ మాట అదే బండిని బాగుచేయడానికి వర్తిస్తుంది గాని, పలకను మరో బండికి తరలించడానికి కాదు. మీరు చేయదలచినది, నిక్కచ్చిగా చెప్పాలంటే, మొదటి కారును బాగుచేయడం కానే కాదు. రెండో కారును మొదటిదిగా చలామణీ చేయించడం.

పలక ఒక్కటి మారిస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. తయారీదారులు ఆ సంఖ్యనో, అందులో కొంత భాగాన్నో ఫ్రేము మీద, ఇంజిన్ మీద, గేర్‌బాక్సు మీద, కొన్ని మోడళ్లలో కంటికి కనిపించని చోట కూడా అచ్చు కొడతారు. అరగదీసినా లాభం లేదు. పంచు దెబ్బకు అడుగున ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది కాబట్టి, ఆమ్లం పూసి ఆ అంకెలను మళ్లీ పైకి తేలేలా చేయడం పోలీసు ప్రయోగశాలలకు పాత విద్య.

సమాధానం – రివెట్_బుద్ధి

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. పలకను తీసి అదే బండికి తిరిగి బిగించినా చిక్కులు రావచ్చు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2017లో ఒకరు తాము కొన్న 1959 నాటి కార్వెట్ కారును రిజిస్ట్రేషన్ కోసం తనిఖీకి తీసుకువెళ్లగా, నంబరు పలకను ఎప్పుడో తీసి తిరిగి బిగించిన ఆనవాళ్లు కనిపించాయన్న కారణంతో అధికారులు బండిని స్వాధీనం చేసుకున్నారు. ఆ పని కొన్నవారు చేసింది కాదు. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి, చివరికి 2022లో రాష్ట్ర శాసనసభ చట్టాన్నే సవరించి, పురాతన వాహనాల పునరుద్ధరణలో పలకను తీసి మళ్లీ పెట్టడానికి అవకాశం కల్పించాల్సి వచ్చింది. కొన్ని కంపెనీలు పలకలకు మామూలు రివెట్లు కాక పూరేకుల ఆకారంలో తల ఉండే ప్రత్యేక రివెట్లు వాడేవి. వాటి స్థానంలో వేరేవి కనబడితే తనిఖీదారుకు అనుమానం రావడం సహజం. రంగు వేసేటప్పుడు పలక చుట్టూ టేపు అంటించి పని కానివ్వండి, ఊడదీయకండి.

సమాధానం – ఫ్రేము_వాది

విషయం అంత తేలిక కాదని నా అభిప్రాయం. ఫ్రేము వేరు, బాడీ వేరుగా ఉండే పాత బండ్లలో అధికారిక సంఖ్య ఫ్రేము మీదే ఉంటే, ఆ ఫ్రేమును నిలబెట్టుకుని మరో బాడీ ఎక్కించడాన్ని సాధారణంగా బాగుచేయడంగానే చూస్తారు. రెండూ ఒకటే నిర్మాణమైన మోనోకాక్ బండ్లతోనే పేచీ. అడుగు రేకు మార్చితే అది అదే కారు. ముందు భాగమూ మార్చితే? 1967 నాటి మస్టాంగ్ కారుకు పూర్తి బాడీయే కొత్తగా తయారై దొరుకుతోంది. దానికి ఏ సంఖ్య ఇవ్వాలో నిర్ణయించాల్సింది రిజిస్ట్రేషన్ అధికారులే. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఏకరూప గుర్తింపు సంఖ్య పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ల నుంచే వచ్చింది; అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కావడంతో పాత బండ్ల విషయంలో అయోమయం మరీ ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు – తుప్పుతో_పోరు

నాది మోనోకాక్ బండే. అయితే గట్టి బాడీ ఉన్న రెండో కారును తుక్కుకు వేయడం తప్ప దారి లేదా?

సమాధానం – కాగితాల_పక్షం

దారులు రెండున్నాయి. రెండో కారు నుంచి అడుగు రేకులు కోసి, నంబరు అచ్చు ఉన్న భాగాన్ని ముట్టుకోకుండా మొదటి కారుకు వెల్డింగ్ చేయించుకోవచ్చు. శ్రమ ఎక్కువే, కానీ ఏది ఏ కారో స్పష్టంగా ఉంటుంది. లేదా రెండో కారును దాని సొంత నంబరుతోనే నమోదు చేయించుకోవచ్చు. కొనుగోలు రసీదు ఉంటే, ఆ నంబరు దొంగబండ్ల జాబితాలో లేకపోతే, చాలాచోట్ల తనిఖీ చేసి కొత్త కాగితాలిస్తారు. నంబరు పూర్తిగా చెరిగిపోయి ఉంటే ప్రభుత్వమే కొత్త సంఖ్య కేటాయించే పద్ధతి అమెరికా రాష్ట్రాల్లో ఉంది. బ్రిటన్‌లోనైతే గుర్తింపు తేలని బండికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఇస్తారు. దానివల్ల విలువ కొంత తగ్గుతుందన్న మాట నిజమే. ఏ దారి ఎంచుకున్నా, కోత మొదలుపెట్టకముందే రెండు బండ్ల నంబర్లనూ అవి ఉన్న చోటుతో సహా ఫొటోలు తీసి, అధికారులను లిఖితపూర్వకంగా అడిగి, వారి జవాబును బండి కాగితాలతో పాటు భద్రపరచండి.