అమ్మ పెదవి మీద నీటిపొక్కులు: అప్పటికప్పుడు మాత్రలా, రోజూ మాత్రా?

ఎండలు ముదిరితే చాలు, అమ్మకి కింది పెదవి అంచున చురచురమంటుంది. మర్నాటికి గుత్తిగా నీటిపొక్కులు. హెర్పిస్ అనే వైరస్ వల్ల అన్నారు. అసైక్లోవిర్ క్రీమ్ రోజుకు 5 సార్లు రాసినా పెద్ద తేడా లేదు. ఇప్పుడు డాక్టరు రెండు దారులు చెప్పారు. చురుక్కుమనగానే వాలసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటలకు మరో 2 గ్రాములు, అంతటితో సరి. లేదంటే రోజూ 500 మిల్లీగ్రాముల మాత్ర, కొన్ని నెలలు.

వచ్చే నెల చెల్లెలు పురిటికి వస్తోంది. అప్పుడే పుట్టిన పిల్లలకి ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. నా టెన్షనంతా అదే. పొక్కు ఉన్నన్నాళ్లూ ముద్దులు వద్దని అమ్మకి చెప్పాను, పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది.

అరవై దాటినవాళ్లకి రోజూ మాత్ర వాడించినవాళ్లున్నారా? కిడ్నీ పరీక్షలు చేయించారా? ఆపేశాక మళ్లీ వచ్చాయా?