తాజంగి నీళ్లలో తెల్లవారుజామున దూకడం: సరదానా, పిచ్చిపనా?

సీతమ్మధార కుర్రాడు
పోయిన జనవరిలో ఆరుగురం లంబసింగి వెళ్లాం. శనివారం మధ్యాహ్నం విశాఖలో బయల్దేరి, నర్సీపట్నంలో బిర్యానీ తిని, ఘాట్ ఎక్కి, చీకటి పడే వేళకి తాజంగి రిజర్వాయర్ పక్కన అద్దె టెంట్లలో దిగాం. రాత్రంతా బాగానే గడిచింది. గొడవంతా పొద్దున్నే. ఇంకా సూర్యుడు రాలేదు, మావాడొకడు బనియన్ విప్పి దూకేశాడు. వద్దురా అని అరుస్తూనే ఉన్నాను. తల పైకెత్తాక నోరు తెరిచి ఎగశ్వాస తీయడమే తప్ప మాట రాలేదు వాడికి. పది బారలు కూడా ఈదకుండా వెనక్కొచ్చాడు. ఒడ్డున చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్లు వంగలేదు, నేనే పెట్టాను. చేతిలో టీ గ్లాసు సగం ఒలికిపోయింది.
పది గంటలకి స్ట్రాబెర్రీ తోటలో మళ్లీ మామూలే. "నువ్వొట్టి పిరికోడివిరా, ట్రిప్పంతా పాడుచేశావు" అన్నాడు. ఈసారి అందరూ దిగాలని వాట్సాప్ గ్రూపులో పట్టు. తప్పు నాదా, వాడిదా?

గాజువాక గురూ
నీదే గురూ. నేను మూడు శీతాకాలాలు దిగాను, ఏటీ కాలేదు. పొద్దున్నే నీళ్ల మీద ఆవిరి లేస్తుంటుంది చూశావా? చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. చలంతా బయట గాలిదే. రుషికొండ అలల్లో ఈదినవాడికి ఈ నిల్వ నీళ్లు ఓ లెక్కా? మరీ భయమైతే ఒక పెగ్గేసి దిగండి, చలే తెలీదు.

నర్సీపట్నం మాస్టారు
ఆవిరి లేచిందంటే నీళ్లు వెచ్చగా ఉన్నాయని కాదు నాయనా, గాలి అంతకంటే చల్లగా ఉందని. సున్నాకి దగ్గర పడిన గాలిలోంచి చెయ్యి పెడితే ఏ నీళ్లయినా వెచ్చగానే తోస్తాయి. ఒంటి వేడిని లాగేయడంలో మాత్రం గాలి కంటే నీరు పాతిక రెట్లు చురుకు. రుషికొండతో పోలికే తప్పు. మన సముద్రం జనవరిలో కూడా పాతిక డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఉప్పునీరు మనిషిని కాస్త తేలుస్తుంది.
ఆ అబ్బాయి ఎగశ్వాస తీశాడన్నారే, అది భయంతో వచ్చింది కాదు. చన్నీళ్లు ఒక్కసారిగా ఒంటికి తగిలితే ఊపిరి దానంతటదే లోపలికి లాక్కుంటుంది, మన చేతిలో ఉండదు. ఆ క్షణాన తల నీళ్ల కింద ఉంటే లాక్కునేది నీళ్లనే. మొదటి ఒకటి రెండు నిమిషాలు పెద్ద గండం, గజ ఈతగాడికైనా సరే. తర్వాత వేళ్లు, చేతులు మొద్దుబారతాయి. గుండీ పట్టలేని వేళ్లు ఒడ్డున రాయిని పట్టుకోగలవా?
ఇక పెగ్గు మాట. మందు తాగితే రక్తం చర్మం దగ్గరికి చేరి వెచ్చగా అనిపిస్తుంది. ఆ వేడి బయటికి పోతున్న వేడే. చలి తెలీకపోవడమే అసలు ప్రమాదం.

చింతపల్లి మనిషి
ముందో మాట. మాది ఇంకా విశాఖ జిల్లానే అనుకుంటారు చాలామంది, కాదు, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. లంబసింగికి మా వైపు పాత పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని అర్థం. ఆ పేరున్న చోట తెల్లారకుండానే దూకడమేమిటి బాబూ?
మేం నీళ్లలో దిగమని కాదు. ఎండెక్కాక, లోతు తెలిసిన చోట దిగుతాం. రిజర్వాయర్ అడుగున బురద ఉంటుంది, ఎక్కడ ఒక్కసారిగా లోతవుతుందో పైనుంచి కనబడదు. మీరేమో రాత్రి సీసాలు పగలగొట్టి పోతారు, ఆ పెంకులు దిగేది మా పిల్లల కాళ్లలో. మీ చర్చలో ఆ ముక్క ఎవరూ ఎత్తరేం?

ఎంవీపీ అక్క
మీరంతా నీళ్ల గురించే కొట్టుకుంటున్నారు. మా తమ్ముడి బ్యాచ్ చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి టెంట్లోకి తెచ్చి జిప్పు వేసేసింది. ఒకడికి తల పగిలిపోయేంత నొప్పొచ్చి వాంతికి బయటికొచ్చాడు కాబట్టి మిగతావాళ్లని లాగగలిగాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగుండదు. బొగ్గుకి పొగ లేదు కదా, ఏం కాదులే అనుకున్నారట! తమ్ముడూ, మీ టెంట్లో ఆ రాత్రి ఏం వెలిగించారో అది కూడా చెప్పు.

గాజువాక గురూ
పెగ్గు మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. కానీ ఇలా లెక్కేస్తే మంచులో బైకు మీద ఘాట్ ఎక్కడం ఇంకా ప్రమాదం కదా? అది ఎవరూ వద్దనరే!

నర్సీపట్నం మాస్టారు
అదీ వద్దనే అంటాను. తెల్లారాక ఎక్కండి.

సీతమ్మధార కుర్రాడు
అక్కా, మేం మంట బయటే వేశాం. చింతపల్లి అన్నా, సీసాలు మావి కూడా రెండున్నాయి, దాచను. ఈసారి సంచీ తెస్తాం.
ఇదంతా మావాడికి చదివి వినిపించాను. డిసెంబర్ ఆఖరి శనివారం ఖాయం చేశాం. ఎండొచ్చాకే, ఊరివాళ్లు చూపించిన చోట, నడుము లోతు వరకే, ఒకరు ఒడ్డున పొడి బట్టలతో కాపలా. మొదట మొహం మాడ్చుకున్నాడు. తర్వాత "సరే, దూకనులే, మెల్లగా దిగుతాను" అన్నాడు. నన్ను పిరికోడన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈసారి గుండీల్లేని టీషర్ట్ తెచ్చుకుంటాడట.