నెల్లూరులో ట్యూబ్ కాంబో: బ్లూస్ జూనియరా, ఏసీ15నా, డీఎస్ఎల్20నా?

వేదాయపాలెం టెలీ:

అందరికీ నమస్తే. ఆరేళ్లుగా ఒక చిన్న ట్రాన్సిస్టర్ గిటారు ప్రాక్టీస్ ఆంప్‌తోనే నెట్టుకొస్తున్నా, ఇక నావల్ల కావట్లేదు. ట్యూబ్ కాంబో (వాల్వులతో నడిచే ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) కోసం రెండేళ్లుగా డబ్బులు దాచా. లక్ష లోపు అయిపోవాలి, దాటితే ఇంట్లో అన్నం పెట్టరు. చివరికి మూడింటి దగ్గర ఆగిపోయా: ఫెండర్ బ్లూస్ జూనియర్, వాక్స్ ఏసీ15, మార్షల్ డీఎస్ఎల్20. రాత్రి పడుకునేటప్పుడు వాక్స్ అనుకుంటా, తెల్లారి లేచేసరికి ఫెండర్ అయిపోతుంది.

నా సంగతి ఇది. టెలీకాస్టర్ గిటారు, సౌండుని గరుకు చేసే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్, ప్రతిధ్వని ఇచ్చే ఒక డిలే పెడల్. ఆదివారం చర్చిలో వాయిస్తా, రెండొందల మంది పట్టే హాలు, డ్రమ్స్ ఉన్నాయి, కీబోర్డు ఉంది. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, ఒకరోజు కోవూరు, ఒకరోజు ముత్తుకూరు, అన్నీ బైక్ మీదే. మిగతా రోజుల్లో ఇంట్లోనే. మాది పై పోర్షను, కింద ఓనరు గారు ఉంటారు, బీపీ మనిషి.

ఇంకోటి, మా బావ వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు, అక్కడ చవక, నేను తెస్తాలే అంటున్నాడు. తెప్పించుకోవచ్చా? నెల్లూరులో ఈ మూడూ పక్కపక్కన పెట్టి వాయించనిచ్చే షాపు నాకు కనపడలేదు. వాడినవాళ్లు చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దు సామీ, అవన్నీ చూసేశా.

ఒంగోలు రిథమ్:

బ్రదర్, నాది ఏసీ15, నాలుగేళ్లయింది. కాబట్టి నా మాటల్లో కొంచెం పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకో.

ముందు వాట్ల సంగతి. 15 వాట్లే కదా, ఇంటికి సరిపోతుందిలే అనుకునే నేనూ కొన్నా. ఈ కాంబోల్లో ఉండే 12 అంగుళాల స్పీకరు ఒక్క వాటు ఇస్తేనే మీటరు దూరంలో 98 డెసిబెల్స్ దాకా అరుస్తుంది. 15 వాట్లకి దానిమీద ఇంకో 12 కలుపుకో. మీ ఓనరు గారికి బీపీ అన్నావు, ఆయన మీటరు దూరంలో ఉండరులే గానీ శ్లాబు కింద ఉంటారు. అదే లెక్క రెండో వైపు నుంచి చూస్తే 15 వాట్ల నుంచి 30కి పోయినా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే ఏసీ30 కొన్నంత మాత్రాన రెట్టింపు సౌండు రాదు, నడుం నొప్పి మాత్రం వస్తుంది. వాట్లు ఎక్కువుంటే లాభం ఏంటంటే పగలకుండా, క్లీన్‌గా ఎంత గట్టిగా పోగలదు అన్న దగ్గర. డ్రమ్మర్ కర్రలు విరగ్గొట్టే రకమైతే 15 వాట్ల కాంబో క్లీన్‌గా నిలబడలేదు, గీర (డిస్టార్షన్) రావడం మొదలవుతుంది. ఆ గీర నీకు కావాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

ఏసీ15లో ఆ గీర చాలా అందంగా ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. దాని రెండు ఛానెళ్లలో టాప్ బూస్ట్ అనేదాంట్లో టెలీ పెట్టి ఓపెన్ కార్డు కొడితే గాజు గిన్నె మీద చెంచా కొట్టినట్టు ఉంటుంది. కానీ బ్రిడ్జి పికప్ (గిటారు మీద తీగల చివర ఉండి పదునైన సౌండు పట్టేది) పెట్టావంటే అదే చెంచా చెవిలో దిగుతుంది. దానికే టోన్ కట్ అని ఒక నాబ్ ఇచ్చాడు, అది ఉల్టా పనిచేస్తుంది, పెంచేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. ఆ ముక్క తెలియక మొదటి నెలంతా నాబ్ సున్నాలో పెట్టి, ఆంప్ పాడైందేమో అని తిట్టుకున్నా. ఇక నార్మల్ ఛానెల్లో బాస్, ట్రెబుల్ నాబులే ఉండవు, నీ ఓవర్‌డ్రైవ్ పెడల్ మాత్రం అందులోనే బాగా కూర్చుంటుంది.

బైక్ అన్నావు చూడు, అక్కడే నా ఆంప్ ఓడిపోతుంది. ఇది 22 కిలోలు. బ్లూస్ జూనియర్ 14 కిలోల చిల్లర. ఎనిమిది కిలోలేగా అనుకుంటాం, రాత్రి పదకొండింటికి ప్రోగ్రాం అయిపోయాక మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది ఆ ఎనిమిది ఎంతో. నేను లాయర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్నప్పుడు సగం ఆదివారాలు ఆంప్‌ని చర్చి స్టోర్ రూములోనే వదిలేసేవాణ్ణి.

డీఎస్ఎల్20 నేను సొంతానికి వాడలేదు, ఫ్రెండ్ దగ్గర వాయించా. దానికి సగం పవర్ స్విచ్ ఉంది, 10 వాట్లకి దిగుతుంది, ఎఫెక్ట్స్ లూప్ (డిలే లాంటి పెడల్స్‌ని ఆంప్ గీర తర్వాత కలుపుకునే సాకెట్లు) కూడా ఉంది. మిగతా రెండిట్లో లూప్ లేదు. డిస్టార్షన్ ఆంప్‌లోంచే తీసుకునేవాడికి లూప్ లేకపోతే డిలే బురద బురదగా వినపడుతుంది. నువ్వు ఆంప్‌ని క్లీన్‌గా పెట్టి గీర పెడల్లోంచి తెచ్చుకుంటావు కాబట్టి నీకు దాంతో పనిలేదు.

వాల్వు రేడియో కొడుకు:

మాది కందుకూరు. మా నాన్న రేడియో మెకానిక్, వాల్వు సెట్లతోనే ఇల్లు గడిచింది, అందుకే ఈ పేరు పెట్టుకున్నా. మీరు ట్యూబ్ అంటుంటే ఆయనకి ట్యూబ్ లైటు గుర్తొస్తుంది. మొన్న ఒక బ్లూస్ జూనియర్ రిపేరుకి వస్తే వెనక పలక విప్పి, ఇవి ఈఎల్84లు కదరా, మా రేడియోగ్రాముల్లో వేసేవాళ్లం అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

అబ్బయ్యా, బావ విషయం ముందు తేల్చుకో. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి ఆంప్‌ని తెచ్చి మన గోడకి పెడితే ఫ్యూజు పోవడమే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోతే లక్షలో సగం పోయినట్టే. వెనక రేకు మీద ఎంత వోల్టేజి అని అచ్చేసి ఉంటుంది, ఫోటో తీసి పంపమను. 120 అనే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాల్సిందే, 500 వీఏది తీసుకో, దాని బరువు వేరే, కోవూరుకి అది కూడా బైక్ మీద మోసుకుపోవాలి. ఎప్పుడో ఒకరోజు ఎవడో ఒకడు, ఆ డబ్బా ఎందుకులే అని ఆంప్‌ని నేరుగా ప్లగ్గులో పెడతాడు. నా దగ్గరికి వచ్చినవాటిలో ఈ కథ రెండుసార్లు విన్నా, రెండుసార్లూ పెట్టింది తమ్ముడే! విమానంలో ఎకానమీ వాళ్లకి మామూలుగా ఒక్కో పెట్టె 23 కిలోలు, వాక్స్ ఒట్టిదే 22, అట్టపెట్టె కలిస్తే దాటిపోతుంది. చవక అనేది అక్కడితో సరి. ఇక్కడే కొనుక్కో, వారంటీ అయినా ఉంటుంది.

పైన అన్న చెప్పిందానికి ఒక ముక్క కలుపుతా. ఫెండర్‌లోనూ వాక్స్‌లోనూ స్పీకరుని నడిపే పవర్ ట్యూబులు రెండు ఈఎల్84లే, గిటారు సిగ్నల్‌ని పెంచే ముందు వైపు మూడు 12ఏఎక్స్7లే. సరుకు ఒకటే, వంట వేరు. వాక్స్‌ది క్యాథోడ్ బయాస్ (ట్యూబు తన కరెంటుని తనే సర్దుకునే పద్ధతి), నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సౌండులో కొంత వెనక్కి పంపి అదుపులో పెట్టేది) లేదు, అందుకే మెల్లగా, మెత్తగా పగులుతుంది. ఫెండర్‌లో ఫీడ్‌బ్యాక్ ఉంది, బయాస్ స్థిరం, అందుకే కొంతదాకా బిగుతుగా నిలబడి ఆ తర్వాత ఒక్కసారిగా తిరగబడుతుంది. మార్షల్‌లో ఉన్నవి ఈఎల్34లు, దాని తీరే వేరు, చర్చిలో నీకు అంత గొంతు అక్కర్లేదేమో.

ఇక మన వైపు అసలు శత్రువు ట్యూబ్ కాదు, ఎర్త్. నూటికి సగం ఇళ్లలో మూడో పిన్ను అలంకారమే (ఇది నా అంచనాలే, లెక్క కాదు). ట్యూబ్ ఆంప్‌కి ఎర్త్ లేకపోతే హమ్ము (ఆగకుండా గుయ్యిమనే శబ్దం) వస్తుంది సరే, తీగల మీద చెయ్యి, మైకు మీద మూతి పెట్టినప్పుడు జిల్లుమంటుంది, అది ఆటలాడే విషయం కాదు. మూడో పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లని చూశా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా పెట్టొద్దు, గుయ్యిమంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

వెనక తెరిచి ఉండే కాంబో కాబట్టి ఇంకో సంగతి. పోయిన వానాకాలంలో ఒక ఆంప్ వచ్చింది, ఆన్ చేస్తే టప్ మని ఫ్యూజు. విప్పి చూస్తే ఈఎల్84 సాకెట్ మీద బల్లి, రెండు పిన్నులకి అడ్డంగా పడి అప్పడంలా వేగిపోయి ఉంది. వెచ్చగా ఉంటుందని చేరింది పాపం. వాయించడం అయ్యి చల్లారాక వెనక ఒక పలచటి గుడ్డ వేసి పెట్టుకో, ఆన్ చేసేముందు తీసెయ్యి. నువ్వు మాత్రం ఎప్పుడూ లోపల చెయ్యి పెట్టకు. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. స్పీకరు వైరు పీకేసి ఆన్ చెయ్యడం కూడా వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

కావలి బాస్:

నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా చెప్తా. నీకు ట్యూబ్ ఆంప్ అక్కర్లేదు తమ్ముడూ. బాస్ (Boss) కంపెనీ కటానా లాంటి ట్యూబుల్లేని ఆంప్ కొనుక్కో, అర వాటుకి దిగుతుంది, ఓనరు గారు కూడా ప్రశాంతంగా ఉంటారు, బల్లులు చచ్చే గొడవ లేదు, మిగిలిన డబ్బుతో మంచి పికప్‌లు వేయించుకో. నేను బాస్ గిటారు వాయిస్తా, స్టేజి మీద నా పక్కన నిలబడే గిటారిస్టులందరిదీ ఒకటే రోగం, ట్యూబ్ వేడెక్కాలి, కాస్త పెంచితేగానీ టోన్ రాదు అంటారు, కాస్త కాస్త అంటూ నా సౌండు మింగేస్తారు. అది కూడా ఎక్కడికి పోతుంది, కాంబో నేల మీద ఉంటుంది కాబట్టి వాళ్ల మోకాళ్లకి వినపడుతుంది, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలకి నేరుగా చెవుల్లో కొడుతుంది. సౌండ్ ఆపరేటర్ వచ్చి తగ్గించమంటాడు, వీళ్లు అలుగుతారు.

ఒంగోలు రిథమ్:

కావలి అన్న చెప్పిన మోకాళ్ల మాట నూటికి నూరు నిజం, ఒప్పుకుంటున్నా. వెనక్కి వాల్చే స్టాండు కొనుక్కో, ముఖం నీవైపు తిరిగితే నువ్వే తగ్గిస్తావు. ప్లాస్టిక్ కుర్చీ మీద మాత్రం పెట్టొద్దు, అన్నిటికన్నా లావు తీగ, లో ఈ కొట్టినప్పుడల్లా కుర్చీ కూడా పాడుతుంది. కటానా మంచి ఆంపే, కానీ రెండేళ్లు దాచుకున్నవాడికి అది చెప్పడం పెళ్లిచూపులకి వెళ్లినవాడితో సన్యాసం మంచిదని చెప్పినట్టు ఉంటుంది.

చెన్నై వెళ్లు బ్రదర్, నీ గిటారు, నీ పెడల్స్ తీసుకుని. షాపు గిటారుతో వాయిస్తే నీకేం తెలియదు.

వేదాయపాలెం టెలీ:

అన్నలందరికీ థాంక్స్. చెప్పినట్టే పినాకినిలో చెన్నై పోయి రాత్రి బస్సుకి తిరిగొచ్చా. మౌంట్ రోడ్డు వైపు రెండు షాపుల్లో మూడూ వాయించా. బావకి వద్దని చెప్పేశా, బదులుగా మంచి పిక్‌లు, తీగలు తెమ్మన్నా.

డీఎస్ఎల్‌లో గీర వచ్చే గెయిన్ ఛానెల్ పెట్టగానే పదిహేనేళ్ల కుర్రాణ్ణయిపోయా, అరగంట వదల్లేదు. కానీ క్లీన్ దగ్గరికి వచ్చేసరికి నాకు కావాల్సింది అది కాదనిపించింది. వాక్స్ దగ్గర ఒంగోలు అన్న చెప్పిన గాజు గిన్నె వినపడింది, కట్ నాబ్ కూడా తిప్పా, మనసు దాని మీదే ఉండిపోయింది. కొందామనే లేచా. షాపు అబ్బాయి బయటిదాకా మోసి చూడండి సార్ అన్నాడు. మోశా. తిరిగొచ్చి బ్లూస్ జూనియర్ ఎత్తుకున్నా.

ఇంటికొచ్చి పెడితే హమ్ము. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే బల్బు పెట్టి చూశాడు, ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే నిండుగా వెలిగింది, ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే ఎర్రగా తీగ మాత్రం కనపడింది. ఎర్త్ గొయ్యి ఓనరు గారి వంటింటి వెనక ఉంది, ఈ ఎండలకి ఎండి బీటలు తీసింది. ఆయనకి విషయం చెప్తే ఫ్రిజ్‌కి కూడా షాక్ కొడుతుందనుకుంటూ ఉన్నా బాబూ అని ఆయనే రెండు బకెట్ల నీళ్లు పోశారు. ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించాలట, ఆదివారం మనిషి వస్తాడు. హమ్ము ఇప్పటికే సగానికి పడిపోయింది.

ఒక్కటే అనుమానం. డిసెంబరులో ఊళ్లల్లో జనరేటర్ మీద వాయించాలి. పెట్టొచ్చా?

వాల్వు రేడియో కొడుకు:

పెట్టొచ్చు, కానీ ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటరు పెట్టు, నాలుగొందలకి దొరుకుతుంది. 207 నుంచి 253 మధ్య ఉంటే పర్లేదు, లైట్లన్నీ ఆన్ చేశాక ఒకసారి, సగం ఆపించి ఇంకోసారి చూడు, లోడు తగ్గినప్పుడే పైకి ఎగురుతుంది. నేలలో ఎర్త్ రాడ్ దిగ్గొట్టారా లేదా అని జనరేటర్ అతన్ని అడుగు. అట్లాంటిదేం లేదు సార్ అంటే ఆరోజుకి కీబోర్డు అబ్బాయికి వదిలేసి అకూస్టిక్ వాయించు.