సమస్యాపూరణం: గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

ఛందోగోల:
ఈ వారం సమస్య ఇదిగో, ఆటవెలది ఆఖరి పాదం.

గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

మొన్న మొదటినాణెం తమ్ముడు "షూటింగ్ గేములకి మొదటి ఆర్కేడ్ స్టిక్, అదే గేమ్ సెంటర్ మెషీన్లలాగా కర్ర, బటన్లు ఉండే డబ్బా, కొందామనుకుంటున్నా, ఏది కొనాలి" అని అమాయకంగా అడిగితే మనవాళ్ళు రెండ్రోజులు కొట్టుకు చచ్చారు కదా, ఆ గొడవలోంచి పుట్టిందే ఇది. గుండు అంటే కర్ర మీదుండే 35 మిల్లీమీటర్ల బంతి, గుండ్లంటే తెర నిండా కురిసే తూటాలు, వేరే అర్థం లాగుతారా మీ ఇష్టం. ఒకటే షరతు, కర్ర గురించి ఒక్క నిజమైన సంగతైనా పద్యంలో ఉండాలి, ఊరికే యతి కలిపేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. గుండ్లఁ అని అరసున్న పెట్టాలనేవాళ్ళు పెట్టుకోండి, నా ఫోన్లో దాన్ని వెతికే ఓపిక నాకు లేదు.

లేజరక్క:
మొదటి బోణీ నాదే.

చేతి వేళ్ళ కొనల చిన్నగా తట్టుచు
సందు చూచి దూరు శాంతమూర్తి
గుప్పిట బిగపట్టి కుమ్మువాడోడును
గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

వివరణ: కొత్తవాళ్ళందరూ గుండుని కారు గేరులాగా పట్టుకుని మొత్తం చెయ్యి ఊపేస్తారు. అలా కాదు, చెయ్యి వెల్లకిలా తిప్పి కాడని మధ్యవేలికీ ఉంగరంవేలికీ మధ్య పెట్టి గుండుని అరచేతిలో ఊరికే కూర్చోబెట్టాలి, లేదా పైనుంచి వేళ్ళ కొనలతో పట్టుకోవాలి. తూటాల వానలో మనం నడిపే ఓడ బొమ్మ ఎంత పెద్దగా కనిపించినా తగిలే చోటు మధ్యలో కాస్తంతే, కాబట్టి జరగాల్సింది కూడా కాస్తంతే, దానికి భుజబలం ఎందుకు చెప్పండి.

ఛందోగోల:
చే–చి, సం–శాం, గు–కు, అన్నీ సరిపోయాయి. శాంతమూర్తి ఒక్కటే యతి కోసం పిలిచిన చుట్టంలా ఉందక్కా, రెండు ప్రాణాలు పోయాక మీరు ఎంత శాంతమూర్తో ఇక్కడ అందరం చూసినవాళ్ళమే. "కుమ్మువాడు" మాత్రం బ్రహ్మాండం.

కాజాకొట్టు:
నాది కొంచెం టెక్నికల్. సాన్వా, సైమిత్సు రెండూ ఈ కర్రలూ బటన్లూ చేసే జపాన్ కంపెనీలు.

సాన్వ కన్న మేలు సైమిత్సు కర్రయే
కొంచె మొరిగినంత గొట్టు స్విచ్చు
మెల్ల మెల్ల జరిగి మీనమ్ము వలె జారు
గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

టోక్యోతాత:
బాబూ కాజా, భావం బాగుంది గానీ ఇక్కడ జపాన్లో ఎవ్వరూ సై అనరు, సేమిత్సు అని ఏ సాగదీసి అంటారు, ఆ మాటకి అర్థమే ఖచ్చితం, సూక్ష్మం అని. నువ్వు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పలికినట్టున్నావు. ఇప్పుడు సా కీ సే కీ యతి ఎలా కుదురుతుంది?

ఇంకోటి, "కన్న మేలు" అని తీర్పు ఇచ్చేస్తే ఎలా? సాన్వా వాళ్ళ జేఎల్ఎఫ్ కర్ర మెత్తగా ఉంటుంది, వాడేవాళ్ళూ ఎక్కువ, విడిభాగాలూ తేలిగ్గా దొరుకుతాయి. సేమిత్సు ఎల్ఎస్-32 కర్ర దానికన్నా బిర్రుగా ఉండి తక్కువ దూరంలో పలుకుతుంది, వదిలితే టక్కున మధ్యకి వచ్చేస్తుంది, అందుకే షూటింగ్ వాళ్ళకి దానిమీద అంత ప్రేమ. సాయంత్రాలు అకిహబారాలో హే అనే గేమ్ సెంటర్లో వెనకాల నిలబడి ముసలాళ్ళ ఎడమచేతులే చూస్తుంటాను, కర్ర కదులుతోందా లేదా అన్నట్టుంటుంది, తెర మీద ఓడ మాత్రం సందుల్లోంచి పోతూనే ఉంటుంది.

మాత్రలసుబ్బి:
"గొట్టు స్విచ్చు"లో స్వి ముందున్న ట్టు గురువైపోదా? గణం పోయింది కదా?

ఛందోగోల:
పోలేదు సుబ్బీ, అది సమాసం కాదు, రెండూ విడి మాటలు, మన తెలుగులో అక్కడ ఊది పలకనక్కర్లేదు. తాతగారి పాయింటు మాత్రం నిజం. కాజా, మొదటి పాదం ఇలా మార్చుకో, తీర్పు గొడవ కూడా పోతుంది:

చేతి కింపు గూర్చు సేమిత్సు కర్రయే

ఇంకో చిక్కుంది, "జారు" పాదం చివర పెట్టావు, కిందది కలిపి చదివితే "జారు గుండు" అవుతోంది. గుండు జారిందంటే అది బిగించలేదన్నమాట నాయనా.

మొదటినాణెం:
అందరికీ నమస్కారం, నేనూ ట్రై చేశా, తిట్టకండి.

ఎనిమిది బటన్లు ఎందుకురా నీకు
రెండు మూడు చాలు రేగి కొట్ట
బాంబు బటను పైన బొటనవేలుంచుచు
గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

ఛందోగోల:
తిట్టేదేముంది, రెండో పాదం నాకన్నా బాగా రాశావు. మొదటి పాదంలో ఎనిమి వరకూ బండి బానే నడిచింది, తర్వాత "దిబటన్" అని ఆగిపోయింది, రెండు లఘువులు ఒక గురువు సూర్యగణం కాదు కదా. మూడో పాదంలో బాం కి బొ, హల్లు కుదిరింది గానీ అచ్చు కుదర్లేదు. ఇలా చూడు:

ఎనిమిది బటనులవి యేటికీ యాటకు
రెండు మూడు చాలు రేగి కొట్ట
బాంబు బటను మీద పక్కవేలుంచుచు

లేజరక్క:
నేను చెప్పబోయేది అదే, బొటనవేలు ఏంటి తమ్ముడూ? చూపుడువేలు షూట్ మీద, దాని పక్కవేలు బాంబు మీద. 1997 లో వచ్చిన దోదోన్పాచి లాంటి గేముల్లో షూట్ టపటపా కొడితే తూటాలు, నొక్కిపట్టి ఉంచితే లేజరు, లేజరులో ఓడ నెమ్మదిస్తుంది. అంటే చూపుడువేలు గంటసేపు నొక్కుతూ వదుల్తూ ఉండాలి, బటన్ గట్టిదైతే సాయంత్రానికి అన్నం కలుపుకోలేవు. సాన్వా ఓబీఎస్ఎఫ్-30 బటన్ తేలిగ్గా దిగుతుంది, నాకు అదే ఇష్టం. కర్ర సేమిత్సుది బటన్లు సాన్వావి పెట్టుకుంటే కులభ్రష్టత్వం ఏమీ రాదు.

మొదటినాణెం:
అక్కా, ఓబీఎస్ఎఫ్ యే తెప్పించా, కానీ ఒక ఘోరం జరిగింది. రెడీమేడ్ డబ్బా ఎందుకులే అని మా వీధి కార్పెంటర్ చేత ఎండీఎఫ్ చెక్కతో చేయించా, 30 మిల్లీమీటర్ల కన్నాలు భలే కోశాడు, చెక్క మందం 12. బటన్ దూరింది గానీ పక్కన ఉండే చిన్న రెక్కలు కింద పట్టుకోవడానికి అంచే అందట్లేదు, నొక్కినప్పుడల్లా బటన్ మొత్తం పైకీ కిందకీ ఊగుతోంది, టేపు చుట్టి ఆడుతున్నా. ఇంకోటి, నా జేఎల్ఎఫ్ కర్ర కింద, అది ఎంతవరకు ఒరగాలో హద్దు పెట్టే గేటు ఉంది కదా, చదరందే ఉంచాలా, ఎనిమిది మూలలది వెయ్యాలా?

టోక్యోతాత:
అయ్యో. అవి పల్చటి రేకుకి క్లిక్కుమని పట్టే రకం. చెక్కకి ఓబీఎస్ఎన్ అని కింద నట్టు బిగించే రకం ఉంటుంది, అది తీసుకో. లేదా చెక్క మధ్యలో పెద్ద కన్నం కోయించి పైన 3 మిల్లీమీటర్ల రేకు వేయించు, ఒడిలో పెట్టుకుంటే ఆ బరువుకి డబ్బా జారదు కూడా. గేటు గురించి అడిగావు కదా, జేఎల్ఎఫ్ కి వచ్చే చదరం గేటే ఉంచెయ్. ఎనిమిది మూలల గేటు పెట్టినా లోపల ఉండేవి నాలుగు స్విచ్చులే, ఐమూల అంటే పక్కపక్క రెండు ఒకేసారి నొక్కుకోవడమే. షూటింగులో గేటుకి కర్ర తగలకుండా ఆడటం నేర్చుకో, అప్పుడు దాని ఆకారంతో నీకు పనే ఉండదు.

గుండుబాస్:
ఎవరూ అసలు గుండు జోలికి పోలేదేంటి?

కొత్త కర్ర కొనగ కొండకే మ్రొక్కితి
తలను గుండు జేసి తరలి వచ్చి
దాని మీది గుండు తల నిమిరితి నేడు
గుండు పట్టువాడె గుండ్ల గెల్చు

మాత్రలసుబ్బి:
హహ, నవ్వలేక చచ్చా.

ఛందోగోల:
ఈ వారం ఇదే పైన కూర్చుంటుందనుకుంటా. కానీ బాసూ, "తలను గుండు జేసి" అంటే నీ తలకి నువ్వే చేసుకున్నట్టుంది, కల్యాణకట్టలో కత్తి నీకిచ్చారా? రెండో పాదం "జుట్టు నచట నిచ్చి చుట్టు తిరిగి" అను, ప్రదక్షిణం కూడా అయిపోతుంది. నా షరతు మాత్రం తప్పావు, కర్ర సంగతి ఏదీ?

గుండుబాస్:
గుండు నిమిరా కదండీ మాష్టారూ, ప్లాస్టిక్ గుండు చెమటకి జారుద్ది, ఆడే ముందు తుడవాలి, అదే సంగతి.

మొదటినాణెం:
తాతగారూ ఓబీఎస్ఎన్ లు వచ్చేశాయి, నట్లు బిగించా, రాయిలా ఉన్నాయి, థాంక్యూ. ఆ ఊపులో, ముందున్న నల్ల గుండు తీసేసి అన్నయ్య ఇచ్చిన ఎర్ర గుండు వేశా. మూడో స్టేజి బాసు దగ్గర, జీవితంలో మొదటిసారి ప్రాణం పోకుండా అక్కడిదాకా వెళ్ళా, ఎడమకి లాగితే గుండు ఊడి చేతిలోకొచ్చేసింది, ఉత్త ఇనుప కాడ మిగిలింది.

టోక్యోతాత:
డబ్బా అడుగు తెరిచి కాడ కింద ఉండే గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకుని, అప్పుడు పైన గుండు తిప్పి బిగించావా?

మొదటినాణెం:
లేదు, పైనే చేత్తో తిప్పా. కాడ కూడా దాంతోపాటే తిరిగింది, బిగుసుకుందేమో అనుకున్నా.

ఛందోగోల:
కాజాకి ముందే చెప్పా జారు గుండు అని, వినలేదు. సరే తమ్ముడూ, పాదం తిరగేసి నువ్వే రాసెయ్.

మొదటినాణెం:
గుండు పట్టినపుడె గుండ్లు గెల్చె

యతి సరిపోయిందా మాష్టారూ?