వపా బొమ్మల ప్రదర్శన: హాలు వాళ్ళు గోడ ముట్టుకోవద్దంటున్నారు

టెక్కలి అక్క: శనివారానికి ఇంక నాలుగు రోజులే. పాత పత్రికలకి వపా (చిత్రకారుడు వడ్డాది పాపయ్య) గారు వేసిన 24 అట్టబొమ్మల ప్రింటింగు, పరిచయ పలకలు, పిల్లల డ్రాయింగు పోటీ కాగితాలు, భోజనాల లెక్క. ఎవరి పని ఎంతవరకొచ్చిందో ఈ రాత్రికి చెప్పండి.

శ్రీకాకుళం మాస్టారు: స్కాన్లన్నీ పంపించేశానమ్మా. వెనక పేజీ అక్షరాలు తేలకుండా ప్రతి అట్ట కిందా నల్ల కాగితం పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీశాను. అచ్చు చుక్కలు గళ్ళుగళ్ళుగా కనబడకుండా ముందు వాటిని కరిగించాను. ఏ2 కాగితం సైజుకి పెంచితే దాదాపు 250 డీపీఐ మిగుల్తాది, చాలు. అంతకు మించి పెంచొద్దు. ప్రింటరు కుర్రాడికి గట్టిగా చెప్పండి, రంగులు ఆటో మీద సరిచెయ్యొద్దని. పాత కాగితం పసుపుని తెల్లగా మార్చీస్తే ఒంటి చాయ నీలం తిరిగిపోతాది. పలచటి చీర మడతలో వపాగారు వదిలిన లేత పూత మొత్తం ఎగిరిపోతాది. ఆయన పనితనమంతా అక్కడే ఉంది.

బొబ్బిలి అన్న: అదంతా తరవాత. హాలు మేనేజరు ఇప్పుడే మెయిలిచ్చాడు. కొత్తగా రంగేశారట, మేకులు, టేపు, బంక ఏవీ గోడకి తగలకూడదట. ప్యానెళ్ళు అద్దెకిస్తాడట గాని ఆ అద్దె మన ప్రింటింగు ఖర్చుకి రెట్టింపు.

రాజాం తమ్ముడు: ఖాతాలో అంత లేదన్నా, వంటవాళ్ళకి అడ్వాన్సు వెళ్ళిపోయింది. ప్రింట్లు ఇంకో సెట్టు తీసి అక్కడే అమ్మితే అద్దె వచ్చేస్తుంది.

శ్రీకాకుళం మాస్టారు: అమ్మకం వద్దు బాబూ. ఆయన పోయింది 1992లో. మన చట్టంలో గీసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. మనం తీసుకున్న అనుమతి ప్రదర్శనకే.

రాజాం తమ్ముడు: అక్కడ కూచుని వద్దనడం తేలికే మాస్టారూ. అద్దె ఎవరు కడతారు?

టెక్కలి అక్క: ఏటా మాట? ఆ పాత సంచికలన్నీ వెతికి కూడబెట్టింది ఎవరనుకున్నావు?

బొబ్బిలి అన్న: ఆగండర్రా. హాల్లో బ్యాడ్మింటన్ స్తంభాలున్నాయి, కింద చక్రాలవి, రెండు జతలు. మధ్యన 6.1 మీటర్లు. ఏ2 బోర్డు వెడల్పు 42 సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల ఖాళీతో తాడుకి 12 పడతాయి. రెండు తాళ్ళు, 24 బొమ్మలు.

శ్రీకాకుళం మాస్టారు: బాగుంది నాయనా. బోర్డు 5 మిల్లీమీటర్ల ఫోమ్‌దే తీసుకో, తేలిక. ఒక్కో బోర్డుకి రెండు క్లిప్పులు. ఒక్కటే పెడితే ఫ్యాను గాలికి గిర్రున తిరుగుతాది. నైలాన్ తాడు సాగుతాది, సన్న ఇనప తీగ మేలు. స్తంభం ఎత్తు 1.55 మీటర్లే గనక పెద్దాళ్ళు కొంచెం వంగాలి, పిల్లలకి మాత్రం సరిగ్గా కళ్ళెదురుగా ఉంటాది.

రాజాం తమ్ముడు: సరే మాస్టారూ, అమ్మకం మాట వదిలేద్దాం. స్తంభాల సంగతి నేను మాట్లాడతాను. తీగ బిగిస్తే స్తంభాలు లోపలికి వాలవా?

బొబ్బిలి అన్న: వాలతాయి. పీట మీద, బయటివైపు 20 కిలోల బరువు పెట్టాలి. బియ్యం బస్తాలు వాడదామంటే పొద్దున్నే వంటకి వెళ్ళిపోతాయి.

టెక్కలి అక్క: పలకల కాపీ ఇప్పుడే చూశాను. విక్రమార్కుడి భుజాన శవం ఉన్న బొమ్మ కూడా వపా పేరు కిందే వేశారేటి?

శ్రీకాకుళం మాస్టారు: తీసెయ్యమ్మా, అది చందమామ చిత్రకారుడు శంకర్ గారిది. వపాగారి పలకలో ముందు వాక్యం ఇలా పెట్టు: 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య. మన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో రావాలి.

రాజాం తమ్ముడు: స్తంభాలిస్తామన్నారు. నేల మీద గీతలు పడకుండా చక్రాల కింద గుడ్డ వెయ్యాలట. బరువుకి 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు నాలుగు నా కారులో తెస్తాను. తీగ, 48 క్లిప్పులు ఎవరు?

టెక్కలి అక్క: నేను. శనివారం పొద్దున 7కి హాలు దగ్గరుండండి.